దీక్షా శిబిరంలో సైకిల్ బేరం

ఆ రోజు పొద్దున గఫార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే స్టేషన్ ఘన్‌పూర్ చేరి మోటారు వేయాలి. ట్యాంకు నిండేలోపు బుచ్చిరాములు దుకాణానికి వెళ్లి, తన తాహతుకు తగ్గ సైకిల్ ఒకటి చూసుకోవాలి. తర్వాత వాల్వు తిప్పి ఊరికి నీళ్లు వదలాలి. సాయంత్రం ఆ సైకిల్ మీద దర్జాగా ఇంటికి రావాలి. ఇందులో చిక్కుపడేంత సంగతేమీ ఎవరికీ కనిపించదు. గఫార్‌కూ కనిపించలేదు.

గఫార్ ఘన్‌పూర్‌లో నల్లా నీళ్లు వదిలే మనిషి. ఉండేది మాత్రం ఐదు కిలోమీటర్ల అవతల పల్లెలో. ఇన్నేళ్లూ పొద్దుటి బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవాడు. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోలు దాటడం మానేశాక అతని ప్రయాణం కాళ్ల మీద పడింది. ఆటోలు ఒక రోజు నడిస్తే రెండు రోజులు బంద్. రైళ్ల సంగతి పట్టాల మీద కూర్చున్న జనాన్ని అడగాలి. బొగ్గుబాయిలు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు; వచ్చినప్పుడే మోటారు వేసుకోవాలి. అందుకని చీకటితోనే బయల్దేరి నడిచేవాడు. అయినా ఈ నెలలో రెండుసార్లు ఆలస్యమైంది.

రెండోసారి ఆలస్యమైనప్పుడు గణపతి నాయక్ మోటారు గది దగ్గర నిలబడి ఉన్నాడు. గణపతి మంచినీళ్ల కమిటీకి పెద్ద. ఊళ్లో ఏ కమిటీ పుట్టినా దానికి ఆయనే పెద్దయ్యేవాడు. చెయ్యెత్తు మనిషి, గొంతు అంతకన్నా ఎత్తు.

"గఫార్, ఇదే ఆఖరు. ఇంకొక్కసారి ఊరికి నీళ్లు టైముకు రాకుంటే నిన్ను తీసేసి మా అక్క కొడుకును పెడత. వానికి బండి గూడ ఉన్నది" అన్నాడు.

అక్క కొడుకు ఉన్న మాట నిజమే, అతనికి బండి ఉన్న మాటా నిజమే. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే గఫార్‌కు దారి ఎప్పటికన్నా పొడుగ్గా అనిపించింది. తనకు చేతనైన పని ఇదొక్కటే. గొట్టాలెక్కడ లీకవుతాయో, ఏ వాడకు నీళ్లు మెల్లగా ఎక్కుతాయో చూసుకుంటూ బతికినవాడు, ఈ వయసులో ఇంకో పని ఎక్కడని వెతుక్కుంటాడు?

ఆ మర్నాడు చీకటితోనే భార్య రహీమాబీ అతని కాళ్లకు నూనె రాస్తూ తీర్పు చెప్పేసింది. ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలగలిపి మాట్లాడుకునే ఆ ఇద్దరిలో, తీర్పులు మాత్రం ఎప్పుడూ తెలుగులోనే, పక్కింటికి కూడా అర్థమయ్యేలా వస్తాయి.

"సునోజీ, ఇగ నడుసుడు బంద్ జేయుండ్రి. ఒక సైకిల్ కొనుక్కోండ్రి. నౌకరీ పోయినంక మంచి కాళ్లుంటే ఏం ఫాయిద?"

"సైకిలంటే మాటలా? మనకు అందాలె కద."

"అందేదే తెచ్చుకోండ్రి. పెండ్లికొడుకు గుర్రం లెక్క ఉండనవసరం లేదు. ఎనుక క్యారియర్ మాత్రం గట్టిగుండాలె. మా అమ్మోళ్లింటికి పోయేటప్పుడు నేను గూసుండాలె."

గఫార్ ఆమెను ఒకసారి, సైకిల్ క్యారియర్‌ను మనసులో ఒకసారి చూసుకుని, చెప్పులేసుకున్నాడు.

అతని మనసులో ఇంకో లోటు ఉంది, అది రహీమాబీకి కూడా చెప్పలేదు. ఈ సమ్మెలో బడి పంతుళ్లున్నారు, డ్రైవర్లున్నారు, గుమాస్తాలున్నారు. తాళాలు వేసిన ఆఫీసుల ముందు మేకలు పడుకుంటున్నాయి. నీళ్లూ, దవాఖానా మాత్రం ఆగకూడదని పెద్దలు తీర్మానించారు. చౌరస్తాలోని దీక్షా శిబిరంలో దండలు వేసుకుని కూర్చున్నవాళ్లను చూస్తూ రోజూ దాని ముందు నుంచే నడిచేవాడు గఫార్. రేపు తెలంగాణ వచ్చాక పిల్లలు "అబ్బా, అప్పుడు నువ్వేం జేసినవ్?" అని అడిగితే, "నల్లా తిప్పిన" అని చెప్పుకోవాల్సి వస్తుందే అని అతనికి బాధగా ఉండేది.

ఆ పొద్దున అదృష్టం బాగుండి కరెంటు ఉంది. మోటారు వేశాడు. ట్యాంకు నిండడానికి పదకొండు దాటుతుంది. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, సైకిల్ దుకాణానికి వచ్చాడు. షట్టర్ దించి ఉంది.

"సేటు టెంట్ల ఉన్నడు. ఇయ్యాల దుకాణపోళ్ల వంతు" అని పక్క హోటల్ రాంజీ అరుగు ఊడుస్తూ చెప్పాడు. "నేను గూడ వస్తున్న, పా. మా హోటలోళ్ల వంతు గూడ ఇయ్యాల్నే."

దీక్షా శిబిరానికి కొన్ని పద్ధతులున్నాయి. రోజుకో సంఘం కూర్చుంటుంది. పొద్దున మెడలో దండ పడితే, సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే దీక్ష విరమించినట్టు, ఉద్యమానికి మచ్చ తెచ్చినట్టు. పదిహేను రోజుల కింద ఒకాయన చుట్ట కాల్చుకోవడానికి లేచి వెళ్లాడు. ఆయన పేరు ఊరు మరిచిపోయింది గానీ ఆ చుట్టను మరిచిపోలేదు.

బుచ్చిరాములు మొదటి వరసలో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గఫార్ టెంటు బయట నిలబడి, సైగ చేసి, "సేటూ, ఒక సైకిల్ గావాలె" అన్నాడు.

బుచ్చిరాములు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అరే గఫార్ భాయ్, మెల్లగ! దీక్షల గూసొని గిరాకి జేస్తున్ననంటరు. అట్ల నిలబడి అడగకు. లోపటికొచ్చి నా పక్కపొంటి గూసో. ఇద్దరం ముచ్చట పెట్టుకున్నట్టుంటది."

సలహా బాగానే ఉందనిపించింది. గఫార్ చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, సేటు పక్కన కూర్చున్నాడు. రాంజీ వచ్చి అటుపక్క కూర్చున్నాడు. అప్పటికింకా మోటారు గుర్తుంది, వాల్వు గుర్తుంది, గణపతి అక్క కొడుకు కూడా గుర్తున్నాడు. పది నిమిషాల్లో లేచిపోదామనుకున్నాడు.

"నాలుగు రకాలున్నయ్" అని బుచ్చిరాములు ముందుకు చూస్తూనే, ఉపన్యాసం వింటున్న మొహంతో చెప్పసాగాడు. "నల్లది, పెద్దది, డండాది ఉన్నది. వంద కిలోల బస్త వేసినా ఊగదు. గేర్లది ఉన్నది, కాలేజీ పిలగాండ్లు తీసుకపోతరు. ఆడపిల్లలది ఉన్నది, ముందట బుట్టది. ఇగ పాతది ఒకటి..."

అప్పుడే గణపతి నాయక్ దండల గంప పట్టించుకుని వచ్చాడు. మొదటి వరసలో ఒక్కొక్కరికీ దండ వేసుకుంటూ బుచ్చిరాములు దాకా వచ్చి, పక్కనున్న మనిషిని చూసి ఆగిపోయాడు. గఫార్ లేవబోయాడు. లేచేందుకు తల ముందుకు వంచాడు. వంగిన తలను గణపతి దండ కోసమే అనుకున్నాడు. బంతిపూల దండ మెడలో పడింది. టెంటంతా చప్పట్లు కొట్టింది.

గణపతి వంగి, చెవిలో, "నీళ్ల సంగతి చూసినవా మరి?" అన్నాడు.

"చూసిన నాయక్, ట్యాంకు నిండుతున్నది" అన్నాడు గఫార్, ఉన్నది ఉన్నట్టు.

కమిటీ పెద్దగా ఇన్నేళ్లున్నా గణపతి ఏనాడూ వాల్వు మొహం చూడలేదు. ఆయన లెక్కలో ట్యాంకులో నీళ్లుంటే నల్లాల్లో ఉన్నట్టే. ఈ పూటకు నీళ్లిచ్చేసి, తీరిక చేసుకుని, దీక్షకు వచ్చాడన్నమాట అనుకున్నాడు. ఆయన మనసు ఒక్కసారిగా పొంగింది. మైకు అందుకుని, దీక్షలో కూర్చున్న ఏ ఉద్యోగి గురించైనా అలవాటుగా చెప్పే మాటే చెప్పాడు.

"అన్నలారా, అక్కలారా! ఇయ్యాల ఘన్‌పూర్ గర్వపడే దినం. మన మంచినీళ్ల కార్మికుడు గఫార్ గూడ విధులు బహిష్కరించి తెలంగాణ కోసం దీక్షల గూసున్నడు! జై తెలంగాణ!"

చౌరస్తాలో నాలుగు దిక్కులకూ కట్టిన మైకులు ఆ మాటను వాడవాడకూ మోసుకెళ్లాయి. గఫార్ నోరు తెరిచాడు. "జై తెలంగాణ" అని మాత్రమే బయటికి వచ్చింది. ఆ మాటలో మోసమేమీ లేదు. అంతమంది తనకేసి చూసి చప్పట్లు కొట్టడం అతని జీవితంలో పెళ్లిరోజు తర్వాత ఇదే. ఇప్పుడే లేవాలా అనుకున్నాడు. కాసేపు ఆగుదాం, ట్యాంకు నిండడానికి ఇంకా టైముంది కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

సైకిల్ బేరం మళ్లీ మొదలైంది. అయితే ఇప్పుడది ఇద్దరి బేరం కాదు. వెనక వరసలో కూర్చున్న వకీలు సాబ్ మెడ ముందుకు చాచి, "గేర్లది తీసుకో గఫార్, మోకాళ్లకు మంచిది. మా తమ్ముడు అదే తొక్కుతడు" అన్నాడు.

"మీ తమ్ముడు హైదరాబాద్ల రోడ్డు మీద తొక్కుతడు సార్. ఈయన తొవ్వంత కంకరే. ఆ సన్న టైర్లు సాయంత్రం వరకు పీలికలైతయి" అని రాంజీ అడ్డం తగిలాడు. "నల్లదే కొను అన్నా. నా పెండ్లినాటిది ఇప్పటికి పాలు మోస్తున్నది."

"నల్లది బరువుంటదయ్య. పొద్దంతా నడిచే మనిషి, ఎత్తుగడ్డ మీద దాన్ని ఈయన నెట్టుతడా, అది ఈయనను నెట్టుతదా?" అన్నాడు వకీలు సాబ్.

"క్యారియర్ గట్టిగుండాలె" అని గఫార్ సందు చూసి గొంతు కలిపాడు. "ఇంట్ల జెప్పిన్రు."

ఇంట్లో చెప్పారనగానే చర్చ మరీ గంభీరమైంది. అందరూ పెళ్లయినవాళ్లే. రహీమాబీ బరువెంత ఉంటుందని ఎవరూ పైకి అడగలేదు గానీ, ఆ ప్రశ్న కాసేపు టెంటులో తిరిగింది. బట్టల దుకాణం ఆయన పాత సైకిల్ కొంటే మిగిలే పైసలతో ఏమేం చేయవచ్చో చెప్పాడు. పాతది కొంటే సైకిల్‌తో పాటు దాని పాత యజమాని తిట్లు కూడా వస్తాయని ఇంకొకాయన అన్నాడు. తన నాలుగు సైకిళ్లనూ ఇంతమంది ఇంత ప్రేమగా తలుచుకోవడం బుచ్చిరాములు దుకాణం తెరిచిన రోజుల్లో కూడా చూడలేదు.

ఇంతలో వరంగల్ నుంచి వచ్చిన వక్త ఒకాయన మైకు ముందు నిలబడ్డాడు. గంభీరంగా మాట్లాడుతున్నాడు. బుచ్చిరాములు మాత్రం తగ్గు గొంతుతో, "ఇట్ల తెగదు గని, గేర్లది వద్దన్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో వక్త, "ఎన్ని కష్టాలొచ్చినా వెనుకడుగు వేయనోళ్లు చేతులెత్తాలె!" అన్నాడు. టెంటులో సగం చేతులే లేచాయి. వక్త మొహం పాలిపోయింది. మిగతా సగం మందిని మార్చేందుకు ఆయన మరో అరగంట మాట్లాడాడు.

ఆ అరగంటలోనే ట్యాంకు నిండింది. గఫార్‌కు గడియారం అక్కర్లేదు. ఆ వేళకు నీళ్లు అంచు దాకా వస్తాయని ఒంటికే తెలుసు. వెంటనే కరెంటు కూడా పోయి మైకు మూగబోయింది, జనరేటర్ వేశారు. అంటే మోటారు ఆగిపోయింది. ఇక మిగిలింది వాల్వు తిప్పడమే. అది తిప్పేదాకా ఘన్‌పూర్ నల్లాల్లో చుక్క రాలదు.

"రాంజీ, నీకు దండం పెడత" అన్నాడు గఫార్ మెల్లగా. "గది తాళంచెవి ఇస్త. ఎవరినన్న పంపి వాల్వు తిప్పియ్యి."

రాంజీ తాళంచెవిని పామును చూసినట్టు చూశాడు. "నీ సమ్మెను నేను చెడగొట్టాల్నా? నువ్వు విధులు బహిష్కరించినవని మైకుల చెప్పిన్రు. ఇప్పుడు ఆ వాల్వు ముట్టినోన్ని ఈ ఊర్ల ఉండనిస్తరా?"

"నేను బహిష్కరించలేదు. నేను సైకిల్ కొననీకి వచ్చిన."

"అట్లనకు అన్నా" అన్నాడు రాంజీ, నిజంగా నొచ్చుకుంటూ. "ఇంత పెద్ద పని జేసి చిన్నగ చెప్పుకుంటవేంది?"

గఫార్ ఇంకో ఉపాయం చేశాడు. ఒంటికి వెళ్లాలని చిటికెన వేలు చూపించాడు. దానికి పద్ధతి ఉంది. ఇద్దరు కార్యకర్తలు అతన్ని టెంటు వెనక్కి తీసుకెళ్లారు, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు, మర్యాదగా మళ్లీ తెచ్చి కూర్చోబెట్టారు. పోతూ వస్తూ "జై తెలంగాణ" అన్నారు. వాళ్లకు అతని మీద ఉన్న గౌరవమే అతనికి కాళ్లకు కట్టిన తాడైంది.

ఇక మిగిలింది గణపతి దగ్గరకెళ్లి ఉన్నది చెప్పేయడం. చెబితే ఏమవుతుంది? ఇంతమంది ముందు, నేను ఉద్యమం కోసం రాలేదు, సైకిల్ కోసం వచ్చానని చెప్పాలి. ఆ మాట ఊహించుకుంటేనే గఫార్‌కు తల వంగిపోయింది. చెప్పకపోతే నీళ్లు రావు. నీళ్లు రాకపోతే నౌకరీ అక్క కొడుకుది. రెండు వైపులా ఆలోచించి, ఎటూ తేల్చుకోలేక, దండలోని బంతిపూలను ఒక్కొక్కటే తుంచుతూ కూర్చున్నాడు.

ఊళ్లో మాత్రం కథ ఆగలేదు. విధులు బహిష్కరించాడని మైకులో చెప్పింది అన్ని వాడలూ విన్నాయి. మొదటి వాడలో అది "ఇయ్యాల నీళ్లు రావట" అయింది. మూడో వాడ చేరేసరికి "వారం రావట" అయింది. రైలు పట్టాల పక్క వాడకు చేరేసరికి తెలంగాణ వచ్చేదాకా నల్లా రాదని తేలిపోయింది. మధ్యాహ్నం వంటలు ఎక్కడివక్కడ ఆగాయి. కడగని గిన్నెల ముందు నిలబడి సాయమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది.

సాయమ్మకు అరవై దాటాయి. ఆ వాడలో నల్లా దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక అనేది ఆమె మాట మీదే నడిచేది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆమె గడప దాటితే, వెనక నలభై బిందెలు కదిలాయి.

టెంటులోంచి ఆ ఊరేగింపును మొదట చూసింది గణపతి. ఆయన కళ్లు చెమర్చాయి. "చూడుండ్రి, చూడుండ్రి! మన ఆడబిడ్డలు గూడ కదిలిన్రు! డప్పు కొట్టుండ్రి!" అని మైకులో కేక వేశాడు. డప్పులు మోగాయి. ఆడవాళ్లు "మా నీళ్లు మాగ్గావాలె!" అని అరుస్తూ వస్తున్నారు. టెంటు మొత్తం కూర్చున్నచోటే చేతులెత్తి, "గావాలె! గావాలె!" అని బదులిచ్చింది. ఎవరో పూలు కూడా చల్లారు. పేపరు ఫొటోగ్రాఫర్ కుర్చీ ఎక్కాడు.

సాయమ్మ పూలు దులుపుకుని, నేరుగా వచ్చి, బిందెను గణపతి కాళ్ల ముందు ఠంగుమని పెట్టింది.

"డప్పు ఆపుండ్రి. నీళ్లేవి?"

"అవ్వా, అదే కద మనం అడుగుతున్నది! గోదావరి నీళ్లు, కృష్ణ నీళ్లు..."

"గోదావరి సంగతి తర్వాత. నల్లా నీళ్లేవి? పొద్దటి సంది సుక్క లేదు."

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గణపతి మెల్లగా గఫార్ వైపు తిరిగాడు. "చూసిన అంటివి?"

"ట్యాంకు నింపిన నాయక్. నీళ్లిడువలేదు. ఇడిసే టైముకు దండేసిన్రు."

"మరి లేచి ఇడువొద్దా!"

"దండ పడ్డంక లేవొద్దని మీరే కద చెప్తరు."

ఉద్యమం పెద్దగా గఫార్‌ను లేవనివ్వకూడదు. నీళ్ల కమిటీ పెద్దగా అతన్ని తక్షణం పరుగెత్తించాలి. రెండు పెద్దరికాలూ ఒకే మనిషిలో పోట్లాడుకున్నాయి. చివరికి దారి దొరికినట్టు మొహం పెట్టాడు.

"సరే. ఇప్పుడే నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేద్దం. పద్ధతి ప్రకారమే లేస్తడు. రాంజీ, నిమ్మరసం కలుపు."

రాంజీ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి బల్ల మీది నిమ్మకాయలు తీశాడు, చక్కెర తీశాడు. కుండలో గ్లాసు ముంచాడు. అడుగు తగిలి టక్కుమంది. కుండను వంచి చూశాడు. పక్క కుండను వంచి చూశాడు. సమ్మెకు మద్దతుగా దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, కొనుక్కొద్దామన్నా సీసా లేదు.

"నీళ్లు లేవు" అన్నాడు రాంజీ.

నీళ్లొస్తే గాని నిమ్మరసం లేదు, నిమ్మరసం తాగితే గాని గఫార్ లేవడు, గఫార్ లేస్తే గాని నీళ్లు రావు. వకీలు సాబ్ దీనికి చట్టంలో ఏమన్నా దారి ఉందా అని ఆలోచించాడు. లేదని తేలింది.

సాయమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసింది. బల్ల మీంచి నిమ్మకాయ తీసుకుంది, కత్తితో రెండు చెక్కలు చేసింది. "నోరు తెరువు బిడ్డా" అంది.

"అవ్వా, ఆగు" అన్నాడు గణపతి. "నిమ్మరసమంటే నీళ్లుండాలె, చక్కెరుండాలె."

"నీళ్లుంటే నేను గీడికెందుకొస్త?"

గఫార్ నోరు తెరిచాడు. రెండు చెక్కలూ కడదాకా పిండింది. అతని కళ్లు మూసుకుపోయాయి, చెవులు కదిలాయి, మొహమంతా ముక్కు దగ్గరకు ముడుచుకుంది. ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. దీక్ష పద్ధతి ప్రకారం ముగిసింది.

ట్యాంకు స్టేషన్ అవతల ఉంది. "నడిచిపోతే అరగంట!" అని సాయమ్మ గద్దించింది. బుచ్చిరాములు మెడలో దండ సంగతి మరిచి పరుగెత్తి షట్టర్ సగం లేపాడు. నల్లది లోపల గోడకు గొలుసుతో కట్టి ఉంది, గేర్లది దాని వెనక ఉంది, పాతదాంట్లో గాలి లేదు. పొద్దంతా ఊరు ఊరే కూర్చుని ఎంపిక చేసిన సైకిళ్లేవీ చేతికి అందలేదు. చేతికందింది, ముందు బుట్ట ఉన్న ఆడపిల్లల సైకిల్. గులాబీ రంగుది. కొనే నాథుడు లేక మూడు ఎండాకాలాలు చూసింది. గఫార్ ఏ రంగో చూసుకోలేదు. సీటు ముందు అడ్డంగా డండా లేకపోవడంతో లుంగీ మీద కూడా సులువుగా ఎక్కాడు. మెడలో దండతో సహా తొక్కాడు.

వెనక బిందెలు పరుగెత్తాయి, వాటి వెనక దీక్ష మరిచి టెంటు పరుగెత్తింది, డప్పులవాళ్లు అలవాటుగా కొట్టుకుంటూ వచ్చారు. దారి పొడుగునా జనం ఇదేదో కొత్త ర్యాలీ అనుకుని కలిశారు. గఫార్ వెనక్కి తిరిగి చూడలేదు. మోటారు గది తాళం తీసి, వాల్వు తిప్పే ఇనుప చావి తీసుకుని బుట్టలో అడ్డంగా పెట్టి, ఆ కంగారులో పక్కనే ఉన్న వాల్వు గుంత దాకా కూడా తొక్కి, దిగి, తిప్పాడు. భూమిలో గొట్టాలు గుర్రుమన్నాయి. దగ్గరలోని వీధి నల్లా రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. ఆ చప్పుడు వినగానే అతను గుంత గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

గణపతి రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు. "ఊరి ముందట నా ఇజ్జత్ తీసినవు గఫార్. నేను ముందే చెప్పిన. రేపటి సంది మా అక్క కొడుకు..."

"ఆగు నాయక్" అంది సాయమ్మ. ఆమె బిందె నిండుతోంది, ఆమె చూపు మాత్రం గఫార్ పాదాల మీద ఉంది. చెప్పులు టెంటులోనే వదిలేసి వచ్చాడు. పగుళ్లు, బొబ్బలు, వాపు, అన్నీ కనిపిస్తున్నాయి. "ఏంది బిడ్డా గిట్లున్నయ్ కాళ్లు?"

"నడుస్తున్న కద అవ్వా. బస్సులు లేవు."

"యాడికెల్లి?"

గఫార్ తన పల్లె పేరు చెప్పాడు. నల్లా చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిందెలు వదిలి దగ్గరకు వచ్చారు.

"సమ్మె మొదలైనకాడికెల్లి రోజు గంత దూరం నడిచొచ్చి మాకు నీళ్లిడుస్తున్నవా?" అంది సాయమ్మ. "నా కొడుకు బస్సు డ్రైవర్. జీతం లేకున్నా సమ్మెల గూసున్నడు, మంచిదే, గూసోవాలె అన్న. బడి లేదు, బస్సు లేదు, కరెంటు లేదు. నెల రోజులు ఓర్సుకున్నం. నువ్వు ఒక్క పూట గూసుంటే మాత్రం ఊరు ఓర్వలేకపాయె. అది ఎవరన్న సోచాయించిన్రా?"

గఫార్ తల ఎత్తి ఆమెను చూశాడు. పిల్లలకు చెప్పుకోవడానికి మాట దొరికినట్టు అతనికి అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిమ్మకాయ పులుపు ఇంకా తగ్గలేదని చెప్పి దండతో తుడుచుకున్నాడు.

సాయమ్మ గణపతి వైపు తిరిగింది. "మోటారు గదికి అంటుకొని ఇంకో గది ఉన్నది కద. అండ్ల ఏమున్నయ్?"

ఆ గదిలో గణపతి నాయక్ తన సొంత యూరియా బస్తాలు పెట్టుకున్నాడని ఘన్‌పూర్‌లో తెలియనివాళ్లు లేరు. ఇంతకాలం ఎవరూ అడగలేదు, అంతే. ఇప్పుడు నలభై బిందెలు ఆయన చుట్టూ నిలబడి అడుగుతున్నాయి. గణపతి గొంతు సవరించుకున్నాడు. ఏ కమిటీ తరఫున మాట్లాడాలో ఒక్క క్షణం ఆలోచించుకున్నాడు.

"బస్తాలు సాయంత్రం తీయిస్త" అన్నాడు. "గఫార్ అండ్లనే ఉండాలె. కుటుంబంతోని. కిరాయి లేదు. ఇగ నుంచి ఏ దీక్షలకు, ఏ సంఘపోళ్లు గూడ ఈయనను పిలువొద్దు. పిలిస్తే జుర్మానా." తర్వాత అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "జై తెలంగాణ!" అన్నాడు. ఈసారి అందరూ ఒకే విషయానికి చప్పట్లు కొట్టారు.

అప్పటికి బుచ్చిరాములు కూడా చేరుకున్నాడు. గులాబీ సైకిల్ చక్రాలకు బురద, బుట్టకు ఇనుప చావి గీత. "ఇగ ఇది వాపస్ తీసుకునేది లేదు గఫార్ భాయ్. నీకు అందే ధరకే ఇస్త గని, నీదే ఇగ" అన్నాడు.

రహీమాబీ మర్నాడే సామాను సర్దుకుని వచ్చింది. గది చూసి సంతోషించింది, సైకిల్ క్యారియర్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి చూసింది. పేపర్లో ఫొటో వచ్చింది. ఊరి నీళ్ల కోసం ఏడుస్తున్న కార్మికుడని కింద రాశారు.

ఇప్పుడు గది గడపకూ వాల్వు గుంతకూ మధ్య ఓ పది అడుగుల దూరం ఉంటుంది, గఫార్ ఆ దూరం రోజూ సైకిల్ మీదే వెళ్తాడు.